బైక్ ఇంజన్ ట్రాక్ కారులో క్లచ్ జారుతోంది, గేర్ పడటం లేదు: ఏది ముందు మార్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2002 సుజుకీ హయబుసా బైకు ఇంజన్ పెట్టిన వెస్ట్‌ఫీల్డ్ (తేలికైన చిన్న రెండు సీట్ల కారు) సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఇంగ్లండ్‌లో ట్రాక్ డేలకు (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజులకు) మాత్రమే తీస్తున్నారు. పొద్దున మొదటి సెషన్‌లో బాగానే ఉంటోంది, వేడెక్కాక నాలుగో గేర్‌లో ఫుల్ త్రాటిల్ ఇస్తే ఇంజన్ అరుస్తోంది గానీ కారు అందుకోవడం లేదు. రెండు నుంచి మూడుకి వేసేటప్పుడు నాలుగైదు సార్లకి ఒకసారి గేర్ పడకుండా మధ్యలో ఉండిపోతోంది. ఒక వర్క్‌షాప్ వాళ్లు బిల్లెట్ బాస్కెట్ (క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నె, గట్టి లోహపు దిమ్మ నుంచి కోసింది), లాకప్ క్లచ్, గాలితో పనిచేసే ప్యాడిల్ షిఫ్ట్ అన్నీ కలిపి ఒక కొటేషన్ చేతిలో పెట్టారు. మీ దగ్గరున్నది 1500 పౌండ్లు. అందులో ఏది ముందు అని అడిగారు.

ఏదీ వద్దు. ముందు మీ స్లేవ్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడితో ఇంజన్ దగ్గర క్లచ్‌ని విడదీసేది) బ్లీడ్ నిపుల్‌కి (అందులోని ఫ్లూయిడ్‌ని బయటికి వదిలే చిన్న మరకి) సరిపోయే స్పానర్ ఒకటి జేబులో వేసుకుని ట్రాక్‌కి వెళ్లండి. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దగానే రాస్తున్నాను, టీ పెట్టుకుని చదవండి.

మీరు రాసినదాంట్లో "వేడెక్కాక మాత్రమే" అన్న ముక్క దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే సరిగ్గా అదే ముక్క పట్టించుకోక నేను 900 పౌండ్లు తగలేశాను. అప్పుడు నా కారులో ఉన్నది హోండా బ్లాక్‌బర్డ్ ఇంజన్. స్నెటర్టన్ ట్రాక్‌లో బెంట్లీ స్ట్రెయిట్ మీద మూడో ల్యాప్‌కల్లా జారడం మొదలయ్యేది. క్లచ్ అరిగిపోయిందనుకుని ప్లేట్లు మార్చాను, జారింది. గట్టి స్ప్రింగులు వేశాను, జారింది. బిల్లెట్ బాస్కెట్ కూడా వేశాను, మళ్లీ అదే మూడో ల్యాప్‌లో అదే చోట జారింది. పక్క గరాజ్‌లో ఒక పెద్దాయన ఉంటే ఆయన ఇదంతా విని, కారు ఇంకా వేడిగా ఉండగానే వచ్చి బ్లీడ్ నిపుల్ పావు తిప్పు తిప్పాడు. పెడల్ మీద ఎవరి కాలూ లేదు, అయినా ఫ్లూయిడ్ చివ్వున చిమ్మింది. బిగించి, పొమ్మన్నాడు. తర్వాతి మూడు ల్యాపులు కత్తిలా పోయింది. అసలు సంగతి ఏమిటంటే పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ (పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ని తోసేది) మధ్య ఉండే పుష్‌రాడ్ ఒక మిల్లీమీటర్ ఎక్కువ బిగించి ఉంది, అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది.

మాస్టర్ సిలిండర్‌లో ఫ్లూయిడ్ డబ్బాకి వెళ్లే ఒక సన్న రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు పిస్టన్ సీల్ ఆ రంధ్రాన్ని దాటి వెనక్కి రావాలి, అప్పుడే పైపులో వేడికి పెరిగిన ఫ్లూయిడ్ డబ్బాలోకి పోతుంది. పుష్‌రాడ్‌కి ఆట (కొంచెం ఖాళీ కదలిక) లేకపోతే సీల్ ఆ రంధ్రాన్ని మూసే ఉంచుతుంది. అప్పుడు వేడెక్కిన ఫ్లూయిడ్‌కి పోయే దారి ఒక్కటే, స్లేవ్‌ని తొయ్యడం. అంటే మీరు పెడల్ ముట్టుకోకపోయినా లోపల ఎవరో క్లచ్ కొద్దిగా నొక్కి పట్టుకున్నట్టే. బైకు మీద స్లేవ్ ఎడమ పక్కన, గాలి తగిలేచోట ఉంటుంది. మన కార్లలో ఇంజన్‌ని తొంభై డిగ్రీలు తిప్పి, చైన్ స్ప్రాకెట్ ఉండాల్సిన వైపు వెనక్కి వచ్చేలా పెడతారు కాబట్టి స్లేవ్ వెళ్లి సీట్ల మధ్య టన్నెల్ మొదట్లో, గాలి ఆడని చోట ఇరుక్కుంటుంది. అందుకే బైకులో ఎన్నడూ రాని రోగం కారులో వస్తుంది.

కాబట్టి పరీక్ష ఇదీ. వేడిగా ఉండి జారుతున్నప్పుడే పిట్‌లోకి రండి, ఇంజన్ ఆపి, నిపుల్ కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించి, వెంటనే ట్రాక్ మీదికి వెళ్లండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఫ్లూయిడ్ పెయింట్‌ని తినేస్తుంది కాబట్టి కింద గుడ్డ వెయ్యండి. జారడం ఆగిందా, మీ జబ్బు తెలిసిపోయింది. పుష్‌రాడ్‌కి అర నుంచి ఒక మిల్లీమీటర్ ఆట ఇవ్వండి, పెడల్‌కి గట్టి రిటర్న్ స్ప్రింగ్ వెయ్యండి, పెడల్ వెనక్కి వచ్చి ఆగేది పిస్టన్ మీద కాకుండా చాసిస్‌కి ఉన్న ఒక స్టాపర్ మీద అయ్యేలా చూడండి. ఇంకోటి, వెస్ట్‌ఫీల్డ్ ఫుట్‌వెల్ ఎంత ఇరుకో మీకు తెలుసు. ఎడమ కాలు పెట్టుకునే చోటు లేక చాలామంది తెలియకుండానే క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడుపుతారు. చిన్న అల్యూమినియం ముక్క వంచి ఫుట్‌రెస్ట్ చేసుకోండి, ఇది కూడా క్లచ్ అప్‌గ్రేడే.

ఇప్పుడు అందరూ చెప్పే మాట దగ్గరికి వద్దాం. "బైకు క్లచ్ బైకు బరువుకి చేసింది, కారు బరువు దానికి ఎక్కువ, అందుకే జారుతుంది." వర్క్‌షాప్ వాళ్లూ మీకు ఇదే చెప్పి ఉంటారు. సగం నిజం. ఒకసారి పట్టుకున్నాక క్లచ్ మొయ్యాల్సింది ఇంజన్ టార్క్‌ని, కారు బరువుని కాదు. మొదటి తరం హయబుసా టార్క్ సుమారు 138 న్యూటన్ మీటర్లు, క్రాంక్ నుంచి క్లచ్‌కి మధ్య ప్రైమరీ గేర్ రేషియో 1.596, అంటే క్లచ్ మీదికి వచ్చేది దాదాపు 220 న్యూటన్ మీటర్లు. వెనక ఉన్నది బైకైనా వెస్ట్‌ఫీల్డైనా అదే 220. నాలుగో గేర్‌లో, ఫుల్ త్రాటిల్‌లో, ఇంజన్ ట్యూనింగ్ ఏమీ చెయ్యకుండానే స్టాక్ క్లచ్ జారుతోందంటే అది చిన్నదై కాదు, దాన్ని ఏదో సరిగ్గా పట్టుకోనివ్వడం లేదు. ఫ్లూయిడ్ ప్రెజర్, అరిగిన ప్లేట్లు, చచ్చిన స్ప్రింగులు, తప్పుడు ఆయిల్, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. కారులో ఫుల్ త్రాటిల్ మీద ఉండే సమయం ఎక్కువ కాబట్టి బైకులో బయటపడని జబ్బు ఇక్కడ త్వరగా బయటపడుతుంది, అంతవరకు బరువు మాట ఒప్పుకుంటాను.

ఇక నిలబడి ఉన్నచోటు నుంచి బయల్దేరేటప్పుడు బరువు లెక్కలోకి వస్తుంది, నిజమే. కానీ అక్కడ కూడా బరువు కంటే డిఫ్ (వెనక ఇరుసు దగ్గరి ఫైనల్ డ్రైవ్) రేషియోదే పెద్ద మాట. బైకు మీద ఫైనల్ డ్రైవ్ 17, 40 పళ్ల స్ప్రాకెట్లు, అంటే 2.35. ఫస్ట్ గేర్ 2.615. పది వేల ఆర్‌పీఎం దగ్గర బైకు ఫస్ట్‌లో గంటకి దాదాపు 119 కిలోమీటర్లు పోతుంది. అదే ఇంజన్ కారులో, ఫోర్డ్ సియెర్రా 3.62 డిఫ్‌తో, 185/60 ఆర్13 టైర్లతో లెక్క కడితే ఫస్ట్‌లో 69 దగ్గర ఆగిపోతుంది. 3.14 డిఫ్ అయితే 79. దీన్ని క్లచ్ వైపు నుంచి చూడండి. మనిషితో కలిపి 300 కిలోల బైకు కంటే మనిషితో కలిపి 550 కిలోల కారు, 3.62 డిఫ్ ఉంటే, క్లచ్‌కి దాదాపు 40 శాతం తేలిగ్గా అనిపిస్తుంది. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే, చక్రం వ్యాసార్థాన్ని మొత్తం గేరింగ్‌తో భాగించి, వర్గం చేసి, బరువుతో గుణించి చూడండి. మీ కారులో ఏ డిఫ్ ఉందో రాయలేదు. పాత ఓనర్ టాప్ స్పీడ్ పిచ్చితో 3.14 వేసి ఉంటే, ఆరో గేర్‌లో పది వేల దగ్గర 199 వస్తుంది, 3.62తో 173. మీరు వెళ్లే ట్రాకుల్లో ఆ తేడా ఎక్కడైనా వాడుకుంటున్నారా అని ఆలోచించండి. క్యాడ్వెల్ లాంటి మెలికల ట్రాక్‌లో అయితే వాడుకోలేరు.

మరి కార్లలో క్లచ్‌లు కాలిపోవడం ఏమిటి అంటారా, కాలుస్తున్నది మనమే. బైకు మీద వేళ్లతో మీటుతూ వదులుతాం, ఎక్కువైతే ముందు చక్రం లేచి బుద్ధి చెప్తుంది. కారులో ఎనిమిది వేల ఆర్‌పీఎంకి లేపి కాలు తీసేస్తాం, వెనక రెండు వెడల్పు టైర్లు నేలని పట్టుకుంటాయి, వేడంతా ప్లేట్ల మధ్యకే. అంతకంటే ఘోరం ట్రైలర్ ఎక్కించడం. ర్యాంప్ మీదికి అంగుళం అంగుళం క్లచ్ జార్చుతూ ఎక్కించేటప్పుడు వచ్చే ఆ వాసన, అది నాలుగు ట్రాక్ డేల అరుగుదల. 60 పౌండ్ల చేతి వించ్ ఒకటి ట్రైలర్‌కి బిగించండి. పిట్ లేన్ క్యూలో ఫస్ట్ వేసి క్లచ్ నొక్కిపట్టి కూర్చోకండి, న్యూట్రల్ చెయ్యండి, పట్టి ఉంచినంతసేపూ ప్లేట్లు ఒకదానికొకటి రాసుకుంటూనే ఉంటాయి.

ఆయిల్ గురించి రెండే మాటలు. డబ్బా మీద జాసో ఎంఏ2 (JASO MA2, ఆయిల్‌లో మునిగి ఉండే బైకు క్లచ్‌లకి పనికొస్తుందనే గుర్తు) అని లేకపోతే ఆ ఇంజన్‌లో పొయ్యకండి. "ఎనర్జీ కన్సర్వింగ్" అని రాసున్న కారు ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతారు, మన క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి అది క్లచ్‌కి విషం. పాత ఓనర్ ఏం పోశాడో తెలియకపోతే ఆయిల్, ఫిల్టర్ మార్చేశాకే మిగతా నిర్ణయాలు. ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు, ఒకసారి క్లచ్ బాగా కాలిందంటే ఆ పొడంతా ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ దింపి, ఆయిల్ పీల్చే పికప్ జాలీ కడగకుండా కొత్త ప్లేట్లు వేసి ఊరుకుంటే తర్వాత పోయేది బేరింగులు. సంప్ దింపినప్పుడు లోపల బాఫిల్ ప్లేటు (ఆయిల్ పక్కకి పారకుండా ఆపే అడ్డు రేకు) ఉందో లేదో కూడా చూడండి, బైకు వంపుల్లో వాలుతుంది కాబట్టి ఆయిల్ అడుగునే ఉంటుంది, కారు వాలదు, ఆయిల్ పక్కకి పరుగెడుతుంది. అది వేరే కథ, ఇంకోసారి.

నిపుల్ పరీక్షలో ఏమీ తేలకపోతే అప్పుడు క్లచ్ విప్పండి. మన అదృష్టం, ఇంజన్ తిప్పి పెట్టడం వల్ల క్లచ్ కవర్ కారు ముందువైపుకి చూస్తుంది, రేడియేటర్ పక్కకి జరిపితే ఇంజన్ దింపకుండానే పని అయిపోతుంది. ఫ్రిక్షన్ ప్లేట్ల మందం వెర్నియర్‌తో కొలిచి సర్వీస్ మాన్యువల్‌లోని హద్దుతో పోల్చండి. స్టీల్ ప్లేట్లని అద్దం ముక్క మీద పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి, 0.1 మి.మీ. దూరిందంటే వంగినట్టే. నీలం రంగు మచ్చలున్నా తీసేయండి. స్ప్రింగుల పొడవు కొలవండి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి వెయ్యండి. ఏ ప్లేట్లు అంటే నా ఓటు కంపెనీ ఒరిజినల్ ప్లేట్లకే. కెవ్లార్ ఎక్కువకాలం మన్నుతుంది గానీ నాకు ఆ పట్టు ఎప్పుడు వస్తుందో కాలికి తెలిసేది కాదు.

స్ప్రింగులు 10 నుంచి 15 శాతం గట్టివి వెయ్యండి, ఇది చవక, పనికొస్తుంది. పట్టు పదిహేను శాతం పెరిగితే పెడల్ బరువూ అంతే పెరుగుతుంది, కాలుకి అది ఒక లెక్క కాదు, చేతివేళ్లతో నొక్కే బైకు వాళ్లకే ఇబ్బంది. అంతకు మించి గట్టివి పెడితే పుష్‌రాడ్ మీద, స్లేవ్ మీద, స్లేవ్ బిగించిన ప్లేటు మీద భారం పడుతుంది. ఆ ప్లేటు సంగతి కూడా చూడండి. ప్రాప్‌షాఫ్ట్ (వెనక చక్రాలకి శక్తి మోసే షాఫ్ట్) అడాప్టర్ కోసం స్ప్రాకెట్ కవర్ తీసేసి స్లేవ్‌ని ఎవరో ఇంట్లో కోసిన అల్యూమినియం రేకు మీద బిగిస్తారు. పెడల్ నొక్కినప్పుడు అది విల్లులా వంగుతుంటే మీ క్లచ్ పూర్తిగా విడవదు, విడవకపోతే గేర్ పడదు. ఒకరు పెడల్ నొక్కుతుంటే ఇంకొకరు టార్చ్ వేసి చూడాలి.

అన్ని ఇంజన్లకీ ఒకే మందు కాదు. తొలి తరం యమహా ఆర్1లో డయాఫ్రం స్ప్రింగ్ (పళ్లెం లాంటి ఒకే స్ప్రింగ్) ఉంటుంది, దానికి కాయిల్ స్ప్రింగుల కన్వర్షన్ కిట్లు దొరుకుతాయి, ఆ ఇంజన్‌కి అది మంచి మార్పు. కొన్ని క్లచ్‌లలో అడుగున కుదుపు తగ్గించే సన్నటి జడ్డర్ స్ప్రింగ్, దానికి చోటివ్వడానికి లోపలి వ్యాసం పెద్దగా ఉన్న ఒక ఫ్రిక్షన్ ప్లేటు ఉంటాయి. వాటిని తీసి మామూలు ప్లేటు వేస్తే రాపిడి విస్తీర్ణం కొంచెం పెరుగుతుంది, బయల్దేరేటప్పుడు కుదుపు కూడా పెరుగుతుంది. ట్రాక్‌కే అయితే చెయ్యొచ్చు.

బాస్కెట్ దగ్గరికి వద్దాం. మీ పాత బాస్కెట్ వేళ్ల మీద ప్లేట్లు కొట్టుకుని గాట్లు పడి ఉన్నాయా? గోరు పెట్టి గీస్తే తగులుతుంది. లోతుగా ఉంటే ప్లేట్లు ఆ గాట్లలో ఇరుక్కుని విడిపోవు, పట్టుకోవు, అప్పుడు బాస్కెట్ మార్చాల్సిందే. లేకపోతే బిల్లెట్ బాస్కెట్ చూడ్డానికి బాగుంటుంది, అంతే. అది పట్టు పెంచదు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు. లాకప్ క్లచ్ అంటే ఆర్‌పీఎం పెరిగేకొద్దీ చిన్న బరువులు బయటికి విసరబడి ప్రెజర్ ప్లేటుని ఇంకా నొక్కడం. డ్రాగ్ స్ట్రిప్ మీద టర్బో హయబుసాలకి దేవుడిచ్చిన వరం. మనకి మాత్రం పది వేల ఆర్‌పీఎం దగ్గర క్లచ్ విడవనంటుంది. టర్బో లేదు కదా మీకు? అయితే కొటేషన్‌లో ఆ లైను కొట్టేయండి.

స్లిప్పర్ క్లచ్ మీద నా అభిప్రాయం కొందరికి నచ్చదు. గేర్ తగ్గించినప్పుడు వెనక చక్రాలు ఇంజన్‌ని తోస్తాయి కదా, ఆ వెనక టార్క్ ఎక్కువైతే ర్యాంపుల మీద హబ్ పైకి ఎక్కి ప్లేట్లని వదులు చేస్తుంది. మంచి యంత్రమే, ఎస్‌టీఎం, సూటర్, సిగ్మా వాళ్లవి దొరుకుతాయి. కానీ దాంతో ఏమవుతుందంటే త్రాటిల్ బ్లిప్ చెయ్యడం (గేర్ తగ్గించేటప్పుడు ఒక్క క్షణం త్రాటిల్ తొక్కి ఇంజన్ వేగం పెంచడం) నేర్చుకోకుండానే కాలం గడిచిపోతుంది. హయబుసాలో మూడో గేర్ రేషియో 1.526, రెండోది 1.937. మూడులో 7000 దగ్గర ఉండి రెండుకి వేస్తే ఇంజన్ దాదాపు 8900కి రావాలి. రెండు నుంచి ఒకటికైతే 7000 నుంచి 9450. ఆ తేడాని మీ కుడి కాలు పూడిస్తే స్లిప్పర్‌కి పని ఉండదు. బ్రేక్, త్రాటిల్ పెడళ్ల మధ్య దూరం, ఎత్తు సరిచేసుకుంటే పాదం పక్క అంచుతోనే బ్లిప్ చెయ్యొచ్చు, దానికి ఖర్చు ఒక సాయంత్రం.

మాస్టర్ సిలిండర్ మార్చే ముందు ఒక లెక్క. ఐదు ఎనిమిదో వంతు అంగుళం బోర్ నుంచి 0.7 అంగుళానికి వెళ్తే వైశాల్యం పాతిక శాతం పెరుగుతుంది, అదే పెడల్ కదలికకి స్లేవ్ పాతిక శాతం ఎక్కువ పోతుంది, పెడల్ పాతిక శాతం బరువెక్కుతుంది. క్లచ్ విడవని కారుకి అది మందు, జారే కారుకి కాదు. ఏ బోర్ ఉన్నా ముందుకి నొక్కేటప్పుడు కూడా ఒక పెడల్ స్టాపర్ తప్పనిసరి. క్లచ్ విడవడానికి కావాల్సింది ప్రెజర్ ప్లేటు దగ్గర చాలా కొద్ది కదలిక, కాలుకి ఆ సంగతి తెలియదు, బ్రేక్ తొక్కినట్టు తొక్కుతుంది, స్లేవ్ సీల్ ఊడి బయటికొస్తుంది.

ఇక గేర్లు. బైకు గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులు లేవు. గేర్ పక్కన ఉండే మొండి పళ్లు, మనవాళ్లు డాగ్స్ అంటారు, ఎదుటి గేర్ గాడుల్లోకి దబ్బున దిగాలి. మామూలు కారులో అలవాటైన మర్యాద ఇక్కడ పనికిరాదు. మెల్లగా జరిపితే ఆ పళ్ల మూలలు ఒకదాన్నొకటి గీరుకుంటాయి, అరిగి గుండ్రమవుతాయి, ఆ తర్వాత లోడ్ పడగానే గేర్ బయటికి జారుతుంది. టక్కున వెయ్యాలి, కానీ బలంగా కాదు. ఈ రెండింటి తేడా చేతికి తెలియాలంటే లింకేజ్ (లివర్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే రాడ్లు, జాయింట్లు) సరిగ్గా ఉండాలి.

మీ రెండు-మూడు సమస్య నూటికి తొంభై పాళ్లు లింకేజ్‌దే. కారు కింద పడుకుని, ఇంజన్ ఆపి, గేర్ షాఫ్ట్ మీదున్న ఆర్మ్ చివర ఎన్ని మిల్లీమీటర్లు కదిలితే గేర్ పడుతోందో కొలవండి. ఉదాహరణకి 12 అనుకుందాం. లివర్ నిష్పత్తి ఐదుకి ఒకటి అయితే చేతి దగ్గర 60 మి.మీ. నాలుగు జాయింట్లు అరిగి ఒక్కోదాంట్లో ఒక మిల్లీమీటర్ ఆట ఉంటే చేతి దగ్గర 20 మి.మీ. గాల్లో పోతుంది. మీరు లాగాననుకుంటారు, గేర్‌బాక్స్‌కి కబురు అందదు. కొత్త రోజ్ జాయింట్లు (రాడ్ల చివర ఉండే గుండు జాయింట్లు) నాలుగు, రబ్బరు బూట్లతో సహా కొనండి. రాడ్ సన్నగా ఉండి వంగుతుంటే లావు ట్యూబ్ వెయ్యండి. పుష్-పుల్ కేబుల్ అయితే పెద్ద వంపులు తప్ప మూల మలుపులు ఉండకూడదు.

ఇంకో చిన్న విషయం, నేను ఆలస్యంగా తెలుసుకున్నది. లోపల ర్యాచెట్ (ఒక్కో లాగుకి ఒక్కో గేర్ మార్చే భాగం) ప్రతి గేర్ తర్వాత మధ్యకి తిరిగి వస్తేనే తర్వాతి గేర్‌ని అందుకుంటుంది. బైకు మీద కాలు తీయగానే లివర్ దానంతట అదే వచ్చేస్తుంది. కారులో బరువైన అల్యూమినియం నాబ్, పొడుగాటి లివర్, బిగుతు కేబుల్ అన్నీ కలిసి ఆ రిటర్న్ స్ప్రింగ్‌ని ఓడిస్తాయి. మొదటి గేర్ పడుతుంది, రెండోది పడుతుంది, వెంటనే మూడోదానికి లాగితే ఇంకా మధ్యకి రాలేదు కాబట్టి ఖాళీ. మీ లక్షణం ఇదే అనిపిస్తోంది. లివర్‌ని వేలితో లాగి వదలండి, ఠక్కున మధ్యకి రావాలి. రాకపోతే ఆ బరువు నాబ్ తీసేసి నైలాన్‌ది పెట్టండి, పివట్‌లో బేరింగ్ వెయ్యండి. నా నాబ్ ఖరీదు మూడు పౌండ్లే.

దిశ కూడా చూసుకోండి. పై గేర్‌కి లాగడం, కింది గేర్‌కి తొయ్యడం ఉండాలి. కారు ఉరుకుతున్నప్పుడు ఒళ్లు వెనక్కి పోతుంది, బ్రేక్ వేసినప్పుడు ముందుకి తూలుతుంది, చెయ్యి కూడా అటే పోతుంది. పైగా పై గేర్లు వేగంగా పడాలి, లాగేటప్పుడు రాడ్ వంగదు. లివర్‌కి రెండు వైపులా బోల్టు స్టాపర్లు పెట్టి, గేర్ పూర్తిగా పడిన వెంటనే లివర్ వాటికి తగిలేలా సెట్ చెయ్యండి. చేతికి కాలికంటే బలం తక్కువేమీ కాదు, పైగా లివర్ దాన్ని ఐదింతలు చేస్తుంది, స్టాపర్ లేకపోతే ఆ బలమంతా లోపల గేర్లని జరిపే సన్నటి షిఫ్ట్ ఫోర్క్ మీద పడి అది వంగుతుంది. ఫోర్క్ వంగిందంటే ఇంజన్ దింపి కేసింగ్ విప్పాలి. డాగ్స్‌ని అండర్‌కట్ చేయించడం, అంటే లోడ్ పడ్డప్పుడు ఒకదాన్నొకటి లోపలికి లాక్కునేలా పళ్లని మూడు నుంచి ఐదు డిగ్రీలు ఏటవాలుగా కోయించడం, చాలా మంచి పని, కానీ ఎలాగూ కేసింగ్ విప్పిన రోజే చేయించండి, దానికోసమే విప్పకండి.

లింకేజ్ బాగయ్యాక మీ డబ్బులో పెద్ద వాటా పెట్టాల్సింది ఇగ్నిషన్ కట్ మీద, క్విక్‌షిఫ్టర్ అంటే అదే. ఇంజన్ తోస్తున్నంతసేపూ డాగ్స్ బిగుసుకుని ఉంటాయి, లివర్ లాగినప్పుడు ఒక క్షణం స్పార్క్ ఆపితే అవి వదులై మారిపోతాయి. త్రాటిల్ ఎత్తక్కర్లేదు, క్లచ్ అక్కర్లేదు. ఎంతసేపు అంటే 60, 70 మిల్లీ సెకండ్లతో మొదలుపెట్టండి. తక్కువైతే డాగ్స్ వదలకముందే టార్క్ తిరిగొచ్చి పళ్ల మూలలు తింటుంది, ఎక్కువైతే కారు తల కొట్టుకున్నట్టు కుదుపుతుంది. కింది గేర్లకి కొంచెం ఎక్కువ, పై గేర్లకి తక్కువ పెట్టుకునే వీలున్నది తీసుకోండి. మైక్రోస్విచ్ కంటే రాడ్ మధ్యలో బిగించే లోడ్ సెన్సర్ నయం, మైక్రోస్విచ్ బ్రాకెట్ ఒక మిల్లీమీటర్ జరిగిందంటే గేర్ పడ్డాక కట్ చేస్తుంది, ఇక ఆ రోజంతా టెన్షనే. పాత రోజ్ జాయింట్ల మీద క్విక్‌షిఫ్టర్ పెట్టి "పనిచెయ్యట్లేదు" అనేవాళ్లని చాలామందిని చూశాను, చేతికి అందని కబురు సెన్సర్‌కి మాత్రం ఎలా అందుతుంది?

ప్యాడిల్ షిఫ్ట్ చెడ్డదని అనను. మలుపు మధ్యలో రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండటం పెద్ద సుఖం. గాలిది అయితే కంప్రెసర్, ట్యాంకు, వాల్వులు, కంట్రోల్ బాక్స్, దానికి తోడు కింది గేర్లకి ఆటో బ్లిప్ కావాలి, మీ 1500 పౌండ్లు అందులోనే కరిగిపోతాయి, క్లచ్ జారుతూనే ఉంటుంది. కరెంటు సోలెనాయిడ్‌ది చవకే గానీ లాగినప్పుడల్లా బ్యాటరీని పిండుతుంది, బైకు ఆల్టర్నేటర్, చిన్న బ్యాటరీ, ఫ్యాన్, ఫ్యూయల్ పంపు అన్నీ గుర్తుపెట్టుకోండి. స్టీరింగ్ వెనక నుంచి కేబుళ్లతో లాగే మెకానికల్ ప్యాడిల్ ఇంకో దారి, నాకు నచ్చుతుంది, కానీ కేబుల్ దారి బాగా కుదరాలి.

ఇక్కడ కింద కామెంట్లలో హైదరాబాద్ కుర్రాడు ఒకతను ఫార్ములా భారత్ (కాలేజీ జట్లు తాము చేసిన కార్లతో పోటీపడేది) కారు గురించి అడిగాడు కాబట్టి అదీ రెండు ముక్కల్లో. తమ్ముడూ, మీది 390 కేటీఎం ఇంజన్, ముందు గాలిని తగ్గించే 20 మి.మీ. రెస్ట్రిక్టర్, కారు తేలిక. మీకు క్లచ్ పట్టు చాలదనే సమస్యే రాదు, వస్తే కేబుల్‌కి ఫ్రీ ప్లే ఇవ్వలేదని అర్థం. స్ప్రింగుల జోలికి పోకండి. మీ డబ్బు, మీ రాత్రులు గేర్ లివర్ స్టాపర్ల మీద, కేబుల్ వంపుల మీద పెట్టండి. కోయంబత్తూరులో కరీ ట్రాక్‌కి వెళ్లేముందు కాలేజీ పార్కింగ్‌లో ఒకటి-రెండు, రెండు-ఒకటి వందసార్లు వేసి చూడండి, ఆ మధ్యలోనే న్యూట్రల్ ఉంటుంది, సగం లాగితే అక్కడే ఇరుక్కుంటారు.

మళ్లీ మీ కారుకి వస్తే, నేనైతే ఇలా ఖర్చుపెడతాను: ఆయిల్, ఫిల్టర్, ఒరిజినల్ ప్లేట్లు, గట్టి స్ప్రింగులు, రోజ్ జాయింట్లు, స్టాపర్లకి బోల్టులు, వించ్, ఆపైన మంచి లోడ్ సెన్సర్ క్విక్‌షిఫ్టర్. ఇవన్నీ కలిపినా మీ 1500 దాటదు, కొంత మిగిలితే టైర్లకి దాచుకోండి. కానీ ప్లేట్లు ఆర్డర్ చేసే ముందు నిపుల్ పరీక్ష చేసి, ఫ్లూయిడ్ చిమ్మిందో లేదో, డిఫ్ రేషియో ఎంతో, లివర్ వదిలితే మధ్యకి వస్తోందో లేదో ఇక్కడ రాయండి. చిమ్మితే ప్లేట్ల డబ్బు కూడా మిగిలినట్టే.